నాటకం మధ్యలో మా అక్క వేసిన కేక

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా అక్క పోయింది. నేను బళ్ళో తొమ్మిదో తరగతి హాజరు వేస్తున్నాను. ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మ ఇంక లేదు" అన్నాడు. లారీ తోలేవాడు, మామూలుగా వాడు మాట్లాడితే నాలుగిళ్ళకి వినపడుతుంది. ఆ రోజు రెండుసార్లు అడిగితేగానీ నాకు వినపడలేదు. హాజరు పట్టీ మూసి, పిల్లల్ని ఏదో ఒకటి చదువుకోమని చెప్పి బండి తీశాను. దారిలో రెండుచోట్ల ఆగాను. ఏడుపొచ్చి కాదు. ఆ పిల్లకి ఎవరు ఫోన్ చేస్తారు, నేనే చెయ్యాలా అన్న బెంగతో.

ఆ పిల్ల అంటే అక్క కూతురు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. నాలుగేళ్ళుగా తల్లీకూతుళ్ళ మధ్య సరిగ్గా మాటల్లేవు. అందులో నా పాపం కొంత ఉంది. ఎంత ఉందో ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకూ తెలియదు.

అక్క అంటున్నానని తోడబుట్టింది అనుకునేరు. కాదు. నరసరావుపేటలో మా పక్కిల్లు. ఇరవై రెండేళ్ళ పొరుగు. నాకంటే ఆరేళ్ళు పెద్దది కాబట్టి అక్క అయింది, మా ఆవిడ ఆమెకు మరదలైంది, పిల్లలకి నేను మామయ్యనయ్యాను. మిరపకాయల పని ఆమెది. కోతలు మొదలైతే రాజుపాలెం వైపు కళ్ళాలకి కూలి ముఠాతో పోయేది. టార్పాలిన్ పట్టాల మీద ఎండబోసిన కాయల ముందు పొద్దున ఏడింటికి కూర్చుంటే తెల్లబడ్డ తాలుకాయ ఏరడం, తొడిమ తుంచడం, దీపాలు పెట్టే వేళకి లేవడం. కళ్ళాలు ఎత్తేశాక కలుపుతీత, పత్తితీత. మొగుడు చిన్నాడు పుట్టిన ఆర్నెల్లకే కృష్ణ దాటి అవతల ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆమె వెంటపడలేదు. "పోయినోడి కోసం ఎతుక్కుంటా కూచ్చుంటే ఉన్నోళ్ళకి బువ్వెవరు పెడతారు తమ్ముడూ?" అన్నది. ఆ ఇద్దరు పిల్లల్నీ ఒంటి రెక్కల మీద సాకింది.

ఈమె గురించి నేను ఇదివరకే ఒకసారి రాశాను. పాటలు కట్టి, నాటకంగా ఆడించి, షీల్డు కూడా తెచ్చుకున్నాను. అదంతా తప్పు రాశాను. ఇప్పుడైనా సరిగ్గా రాద్దామని కూర్చున్నాను. వస్తుందో రాదో.

మిరప రోజుల్లో అక్క ఇంటికి వచ్చే తీరు మా వీధిలో అందరికీ తెలుసు. తలకీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని వచ్చేది. గేటు దగ్గర ఆగి, "ఏమే మరదలా, గొళ్ళెం తియ్యి" అని కేకేసేది. ఆ చేతులతో గొళ్ళెం ముట్టుకుంటే తర్వాత ముట్టుకున్న పిల్లల చేతులకి కారం అంటుకుంటుందని. మా ఆవిడ తీసేదాకా నిలబడేది, లేకపోతే మోచేత్తో నెట్టుకుని వచ్చేది. మా పెరట్లో పుల్లమజ్జిగ గిన్నె పెట్టి ఉండేది. అందులో రెండు చేతులూ ముంచి, మంట చల్లారేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ తర్వాత మొదలయ్యేది వాగుడు. ముఠా మేస్త్రి ఏమన్నాడు, ముఠాలో ఎవరు ఎవరితో పోట్లాడారు, ఎవరి కోడలు ఎవరిని ఏ మాటంది, అన్నీ వాళ్ళ గొంతుల్లోనే చేసి చూపించేది. అన్నం స్పూనుతో తినేది. "చూడరా తమ్ముడూ, కలెక్టరమ్మ భోంచేస్తంది" అని నవ్వేది. అబ్బో, నాటకాలు రాసేది నేనే గానీ నటన మాత్రం ఆమెదే.

ఆమె కూతురికి జడ వేసేది మా ఆవిడ. ఏడేళ్ళ పిల్లగా మా వీధికి వచ్చినప్పటి నుంచి కాలేజీకి పోయేదాకా. అక్క నాలుగడుగుల దూరంలో గట్టు మీద కూర్చుని, "పాపిడి వంకర పోయింది మరదలా, సరిజెయ్యి", "బిగించు, ఊడిపోయిద్ది" అని హుకుములు వేసేది. తను మాత్రం దువ్వెన పట్టదు. పిల్ల మొహం కడగదు, బొట్టు పెట్టదు. మిరప రోజులు కదా అనుకునేవాళ్ళం. కానీ వానాకాలంలో, చేతులు చల్లబడ్డాక కూడా అంతే. చిన్నాణ్ణి మాత్రం ఆ రోజుల్లో చంకనేసుకుని బుగ్గలు పుణికేది. ఒకసారి జడ వేయించుకుంటూ ఆ పిల్ల మా ఆవిడతో అంది: "మా అమ్మకి నేనంటే అసయ్యం అత్తా. నా కన్ను ఇట్టా ఉందని."

దాని ఎడమ కంట్లో పువ్వు ఉంది. నల్లగుడ్డు మీద బియ్యపుగింజంత తెల్లటి మచ్చ. ఆ కంటికి సగమే కనపడుతుంది. చిన్నప్పుడు తట్టు పోసి అలా అయిందని అక్క అందరికీ చెప్పేది. ఆ రోజు ఆ పిల్ల మాట విని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేం చేశానో చెప్పనా? లోపలికి పోయి కాగితం మీద రాసుకున్నాను. మంచి డైలాగు, ఎక్కడైనా పనికొస్తుందని.

నాకు నాటకాల జబ్బు ఉంది. మా వైపు పరిషత్తు పోటీలు జరిగే ఊళ్ళన్నీ తిరిగాను. హార్మోనియం వాయిస్తాను, పాటలు కడతాను. నాలుగేళ్ళ కిందట అక్క జీవితం మీద పదకొండు పాటల నాటకం రాశాను. మొగుడు వదిలేసిన ఒక కూలితల్లి, ఇద్దరు పిల్లలు, ఒక గది ఇల్లు. పేరు 'చల్లని చేయి'. ఆ పేరు పెట్టిన వేళావిశేషం ఏమిటో గానీ, ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. కళ్ళం మా ఇంటికి పట్టుమని గంట ప్రయాణం లేదు. ఒక్కరోజు పోయి చూశానా? లేదు. హార్మోనియం ముందు కూర్చుని, ఫ్యాను కింద, ఎండలో మాడే తల్లి గురించి పాటలు కట్టాను. మూడో రంగంలో తల్లి కళ్ళం నుంచి వస్తుంది, తెచ్చుకున్న కాయలు తుంచుతూ ఒక పాట పాడుతుంది, ఆ తర్వాత పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని బుగ్గలు నిమురుతూ జోలపాట పాడుతుంది.

"నీడంతా నీ బుగ్గకు, ఎండంతా నా వీపుకు,
కూలిచేతి వేళ్ళతోనే కునుకు పట్టనీ తల్లీ"

గేటు గొళ్ళెం సంగతీ, మజ్జిగ గిన్నె సంగతీ, స్పూను సంగతీ రోజూ చూసినవాణ్ణి. కాగితం దగ్గరికి వచ్చేసరికి అవేవీ గుర్తు రాలేదు. తల్లి అనగానే బుగ్గలు నిమరడమే గుర్తొచ్చింది.

తల్లి వేషానికి అక్క కూతుర్నే అడిగాను. ఆ పిల్ల గొంతు మంచిది. అప్పటికి చదువైపోయి ఊళ్ళోనే ఒక చిన్న ల్యాబులో చేస్తోంది. "మా అమ్మ వేషం నేనెయ్యాలా? ఆమె గురించి నాకేం తెలుసని మామయ్యా?" అంది. "పాటలో అంతా ఉందమ్మా, పాడు చాలు" అన్నాను. ఒప్పుకుంది. రిహార్సల్స్ మా వరండాలోనే. కూతురి వేషానికి మా బడిలో అటెండరు మనవరాలు, ఆరేళ్ళ పిల్ల. అక్క కూతురు ఉత్త బుట్ట ముందు పెట్టుకుని, ఉత్త చేతులతో తుంచుతున్నట్టు చేసి, ఆ చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని బుగ్గలు నిమిరేది. ఎంత ప్రేమగా నిమిరేదంటే మా ఆవిడ వంటింట్లోకి పోయి ముక్కు చీదుకునేది. తనకి కావాల్సిన అమ్మని ఆ పిల్ల అక్కడ వేసుకుంటోందని అప్పుడు నాకు తట్టలేదు. నా పాట బాగుందనుకున్నాను.

పోటీ రోజు సాయంత్రం మాదే మొదటి ప్రదర్శన. అక్క తలంటు పోసుకుని, ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, మా ఆవిడ పక్కన ముందు వరుసలో కూర్చుంది. కుర్చీలో కూర్చుని నాటకం చూడటం ఆమెకి అదే మొదటిసారి. "పట్టా ఏసుకుని కిందే కూచ్చుందాం మరదలా, నడుం పట్టేసిద్ది" అని గొణిగిందట.

ఆ రోజు పొద్దునే నాకొక గొప్ప ఊహ వచ్చింది. ఉత్త బుట్ట ఏం బాగుంటుంది, నిజం మిరపకాయలు పెడితే స్టేజీ ఎర్రగా నిండుతుంది కదా! మధ్యాహ్నమే మనిషిని పంపి ఒక బుట్టెడు ఎండుకాయలు తెప్పించాను. మంచి ఘాటు రకం. లైటు పడేసరికి హాలంతా 'ఆ' అంది. అక్క కూతురు నిజం కాయలు నిజంగానే తుంచుతూ ఎనిమిది నిమిషాల పాట పాడింది. దానికా పని అలవాటు లేదు. నా కూతురు కళ్ళం మొహం చూడకూడదని అక్క ఒట్టు పెట్టుకుని పెంచింది. పాట అయింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. నేను హార్మోనియం మీద జోలపాట అందుకున్నాను. ఆ పిల్ల చెయ్యి పైకి లేచి, చిన్నదాని బుగ్గ దగ్గరికి వెళ్తోంది.

"ఒసేయ్! చేతులు కడుక్కోవే! పిల్ల మొహం ముట్టుకోబాకే!"

అక్క లేచి నిలబడి ఉంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తర్వాత వెనకెక్కడో ఒకడు నవ్వాడు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు చప్పట్లు కొట్టారు. స్టేజీ మీద అక్క కూతురి చెయ్యి చిన్నదాని బుగ్గకి జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. అలాగే, చేతులు దూరంగా పట్టుకునే జోలపాట పూర్తి చేసింది. శ్రుతి తప్పలేదు.

రంగం మారే సందులో నేను వింగులోంచి కిందికి దిగాను. అక్క అప్పటికే మేకప్ గది వైపు వస్తోంది. దారికి అడ్డం నిలబడి అన్నాను: "నాటకమంటే ఏందో తెలవని దానివి, నిన్నెవరు రమ్మన్నారు? నీ కూతురి పరువూ తీశావు, నా పరువూ తీశావు. పో అక్కా, ఇంటికి పో." అక్షరం పొల్లు పోకుండా ఇవే మాటలు. అక్క నన్ను తిట్టలేదు. "చిన్నపిల్ల బాగానే ఉందా తమ్ముడూ?" అని అడిగింది. ఆమె మేకప్ గది తలుపు వంక చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఇక తమాషా వినండి. బహుమతులిచ్చేటప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "ప్రేక్షకుల మధ్యలోంచి ఒక తల్లి చేత ఆ కేక పెట్టించడం దర్శకుడి ప్రతిభకు తార్కాణం" అన్నాడు. ఉత్తమ దర్శకుడిగా నన్ను పిలిచారు. అయ్యా అది నాది కాదు అనడానికి నాకు నోరుంది కదా? లేవలేదు. తలొంచి దండ వేయించుకున్నాను, షీల్డు పుచ్చుకున్నాను. వేషంలోనే పక్కన నిలబడ్డ అక్క కూతురు నా వంక ఒక్కసారి చూసింది. ఆ మర్నాడు గుంటూరులో ఉద్యోగం వచ్చిందని తమ్ముడికి చెప్పి వెళ్ళిపోయింది. తల్లికి చెప్పలేదు.

సిగ్గు లేనివాడికి నవ్వే సింగారం అన్నట్టు, తర్వాత నాలుగు ఊళ్ళలో ఇంకో అమ్మాయితో ఆ నాటకం ఆడాను. ప్రతి ఊళ్ళోనూ ముందు వరుసలో ఒకావిణ్ణి కూర్చోబెట్టి, సరిగ్గా ఆ సమయానికి ఆ కేక వేయించాను. అక్కకి ఎవరో చెప్పారు. "నా అరుపు గూడా పట్టుకుపోయావంటగా తమ్ముడూ? నన్నే పిలిస్తే ఇంకా గట్టిగా అరుద్దును గదరా" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ నాటకం ఆడలేదు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి పనుల్లేక అక్క మా వరండాలో కూర్చుంది. నేను అడిగాను: "ఎందుకంత అరిచావక్కా ఆ రోజు?" గోళ్ళు చూసుకుంది. తర్వాత చెప్పింది.

"మీ బావ ఎల్లిపోయిన ఏడు. చిన్నాడు చంకలో. పెద్దదానికి నాలుగేళ్ళు. నేను కళ్ళానికి కొత్త, అది మూడో రోజు. నాన్న కావాలని ఒకటే ఏడుపు ఏడ్చింది. ఏడవమాకే అంటా కళ్ళు తుడిచా. ఈ చేత్తోనే. అప్పటికి నాకేం తెలుసు? కోడిపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుంది. పక్కనోళ్ళు చెబితే కంట్లో చనుబాలు పిండా. తగ్గిద్దిలే తగ్గిద్దిలే అనుకుంటా మూడు రోజులు పనికి పోయా. కళ్ళం ఎత్తిందాకా మేస్త్రి మానుకోనియ్యడు. నాలుగో రోజు పెద్దాసుపత్రికి తీసుకపోతే డాక్టరమ్మ నన్ను తిట్టింది చూడూ... పువ్వేసిందంట. మొదటి రోజే తెస్తే నయమయ్యేదంట."

"మరి తట్టు అన్నావుగా?"

"అట్టా చెప్పా. ఊరికి చెప్పా, దానికీ చెప్పా. చెప్పంగా చెప్పంగా ఒక్కోసారి నాకూ అదే నిజమనిపిచ్చిద్ది. కానీ ఈ చెయ్యి మాత్రం మళ్ళా దాని మొహం మీదకి పోలా. ఎంత కడిగినా పోలేదు తమ్ముడూ అది. నాకు తెలిసిద్ది."

"ఒక్కమాట దానికి చెప్పక్కా" అన్నాను. అక్క బెదిరిపోయింది. "చెప్పబాక. నన్ను రాయనుకుంటే అనుకోనియ్యి. కన్ను పోగొట్టిన తల్లనుకోగూడదు. చెప్పుకుంటే మానం పోయిద్దంటారు, చెప్పకపోతే ప్రాణం పోయిద్దంటారు. ప్రాణం పోతే పోనియ్యి. నీ పెట్టె మీద ఒట్టెయ్యి" అని నా చెయ్యి పట్టుకుని హార్మోనియం మీద పెట్టింది. ఒట్టేశాను.

ఆ ఒట్టు నాలుగేళ్ళు మోశాను. మంచిపని చేశాననే అనుకున్నాను. గొప్పగా మాట మీద నిలబడ్డవాణ్ణి కదా!

రెండేళ్ళ నుంచి అక్కకి దగ్గు పట్టుకుంది. కళ్ళంలో అందరికీ ఉండేదే, కాయల ఘాటు కోరుకి వస్తుంది, వానలు పడితే పోతుంది అనేది. వానలు పడ్డాయి, పోలేదు. ఈ చలికాలానికి మంచం దిగలేకపోయింది. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని డాక్టర్లు చెప్పారు. మూడేళ్ళ మనవరాలు, చిన్నాడి కూతురు, మంచం చుట్టూ తిరుగుతుంటే "నాయనమ్మ దగ్గరికి రాబాకే, దగ్గు" అని తరిమేది. తరిమి, అది మళ్ళా ఎప్పుడొస్తుందా అని గుమ్మం వంక చూసేది. నేను గుంటూరుకి ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి పోమ్మా" అని బతిమాలాను. "సెలవు దొరకాలి మామయ్యా" అంది. ఒక ఆదివారం వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. కూతురు గుమ్మంలోకి రాగానే అక్క రెండు చేతులూ దుప్పటి లోపల పెట్టేసుకుంది.

"బిళ్ళలు ఏసుకుంటన్నావా?"

"ఏసుకుంటన్నా. నువ్వు తింటన్నావా సరిగ్గా?"

"తింటన్నా."

అంతే. అసలు సంగతి నా నాలుక చివర దాకా వచ్చింది. టీ పెట్టిస్తానని చెప్పి అక్కణ్ణించి పారిపోయాను. నేను టీ తెచ్చేసరికి ఆ పిల్ల చెప్పులేసుకుంటోంది. పిరికితనానికి మాట మీద నిలబడటమని పేరు పెట్టుకుంటే ఎంత సుఖంగా ఉంటుందో నాకు బాగా తెలుసు.

సరే, మంగళవారానికి వస్తాను. ఫోన్ నేనే చేశాను. మధ్యాహ్నానికి ఆ పిల్ల బస్సు దిగింది. ఏడవలేదు. తల్లి కాళ్ళ దగ్గర గోడకానుకుని కూర్చుంది. వచ్చిన ఆడవాళ్ళు, "తల్లి పోతే కంట తడి లేదు చూడవే" అని గుసగుసలాడుకుంటున్నారు. అది వినేసరికి నాకు ఒళ్ళు మండింది. పోయినావిడకి వేసిన ఒట్టు ఇంకెవరి కోసం అనిపించింది. ఆ పిల్లని మా పెరట్లోకి తీసుకుపోయి, నీళ్ళ తొట్టి పక్కన నిలబెట్టి, కళ్ళం సంగతి, చెయ్యి సంగతి, చనుబాలు, మూడు రోజులు, తట్టు అని చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేశాను. "మీ అమ్మకి అసయ్యం కాదమ్మా, భయం" అన్నాను.

ఆ పిల్ల నా వంక నిదానంగా చూసింది. "నాకు తెలుసు మామయ్యా" అంది.

"ఎట్టా?" అన్నాను.

"నాలుగేళ్ళ పిల్ల ఆ మంట మర్చిపోయిద్దా? చెట్టు గుర్తుంది, పట్టా గుర్తుంది, అమ్మ చెయ్యి గుర్తుంది. కన్ను పోయినందుకు నాకు కోపం లేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ నన్ను ముట్టుకోలేదే, దానికి కోపం. నోరు తెరిచి ఒక్కసారి చెబితే, పోనీలే అమ్మా అందామని చూశా. నేను ముందు అడిగితే ఆమె తట్టుకోలేదని అడగలా."

"మరి ఆ రోజు అలిగి ఎందుకెళ్ళిపోయావు?"

"అలిగానా?" అని నవ్వింది. ఆ నవ్వు తల్లిదే. "ఆమె కేకెయ్యంగానే నాకు పానం లేచొచ్చింది మామయ్యా. అందరి ముందు చెప్పేసింది గదా ఆమె! ఇంకేం దాచుకుంటది? ఇప్పుడొచ్చిద్ది, చెప్పిద్ది అని మేకప్ గదిలో కూచ్చున్నా. తలుపు సందులోంచి ఆవపువ్వు రంగు చీర కనపడింది. వస్తంది. అంతలోకే నీ గొంతు. ఇంటికి పో అన్నావు. పోయింది. ఆ తర్వాత నువ్వు స్టేజీ ఎక్కి ఆ కేక నీదేనన్నట్టు దండేయించుకున్నావు. ఇంక నాకు ఈ ఊళ్ళో ఎవురున్నారు?"

'నన్ను క్షమించమ్మా' అనాలి. అనగలిగే మొహమా ఇది? ఆ పిల్ల నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "లోపల స్నానం చేయించే వేళయింది" అని వెళ్ళిపోయింది. తల్లికి పసుపు రాసి, తల దువ్వి, పాపిడి తీసింది తనేనని మా ఆవిడ తర్వాత చెప్పింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "అమ్మ ముఠావాళ్ళు ఇయ్యాల గూడా పనిలోనే ఉన్నారు. కళ్ళం ఎత్తిందాకా మానుకోనియ్యరు గదా. మనమే ఆడికి పోదాం. ఆ మూడో రంగం ఒక్కటి వేద్దాం" అంది. నేను హార్మోనియం తీయబోయాను. "పాట వద్దు మామయ్యా" అంది. "కాయలు నిజంవే కావాలి."

మేం పోయేసరికి ఎండ వాలుతోంది. కళ్ళం ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగా పరిచి ఉంది. నలభై మంది దాకా ఆడవాళ్ళు, తలకీ ముక్కుకీ గుడ్డలు కట్టుకుని, కుప్పల ముందు కూర్చుని ఉన్నారు. మేస్త్రి గొణుగుతూనే ఒప్పుకున్నాడు. ఆ పిల్ల వాళ్ళ మధ్యలో, ఖాళీగా వదిలిన ఒక చోట కూర్చుంది. అది అక్క కూర్చునే చోటని ఎవరో అన్నారు. కాయలు ముందుకు లాక్కుని తుంచడం మొదలుపెట్టింది. చాలాసేపు తుంచింది. తర్వాత లేచి, ఇంటికి వస్తున్నట్టు పది అడుగులు నడిచింది. మాతో వచ్చిన చిన్నాడు తన కూతుర్ని కిందికి దించాడు. దానికి నాటకమని తెలియదు. తుమ్ముకుంటూ మేనత్త దగ్గరికి పరిగెత్తింది. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని జరిగింది. చిన్నది చేతులు పట్టుకోవాలని చుట్టూ తిరిగింది. ఆ పిల్ల చేతులు పైకెత్తుకుని, గుండ్రంగా తిరుగుతూ, అందకుండా వెనక్కి వెనక్కి నడిచింది. మొదట ఆటనుకుని కిలకిలా నవ్విన చిన్నది, ఎంతకీ అందకపోయేసరికి నిలబడిపోయి, "ఎత్తుకో" అని ఏడుపు లంకించుకుంది. ఆ పిల్ల పైకెత్తిన చేతులతోనే ఆగిపోయి, దాని ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఏడ్చింది.

చప్పట్లు లేవు. కళ్ళంలో అందరూ ఏడుస్తున్నారు. ముసలమ్మల దగ్గర నుంచి నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల దాకా, ముక్కు గుడ్డలు తడిసి, నీళ్ళు గడ్డాల మీదుగా రవికెల మీద పడుతున్నాయి. ఏ ఒక్కరూ చెయ్యెత్తి కళ్ళు తుడుచుకోలేదు. అందరి చేతులూ మిరప చేతులే. ఆ కళ్ళం మొత్తానికి కళ్ళు తుడుచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.